6 మ్యాచ్‌లు, 5 పాయింట్లు: భయపడాల్సింది దేనికి?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి, పూర్తిగా చదవనివాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీ ఫుట్‌బాల్ జట్టు పోయిన సీజన్‌లో 20 జట్ల లీగ్‌లో 7వ స్థానంలో నిలిచింది. వేసవిలో 17 గోల్స్ కొట్టిన స్ట్రైకర్‌ని అమ్మేశారు. కొత్త కోచ్ వచ్చాడు. 6 మ్యాచ్‌లు అయ్యేసరికి ఒక గెలుపు, 2 డ్రాలు, 3 ఓటములు; గెలుపుకి 3, డ్రాకి 1 చొప్పున 5 పాయింట్లు. కొట్టింది 4 గోల్స్, ఇచ్చింది 10. పట్టికలో 17వ స్థానం, అంటే రెలిగేషన్ గీతకి (దాని కిందున్న మూడు జట్లూ కింది డివిజన్‌కి పోతాయి) సరిగ్గా పైమెట్టు. "ఆదిలోనే హంసపాదు పడింది, కోచ్‌ని ఇప్పుడే మార్చాలని మా వాళ్లంతా అంటున్నారు, నాకేమో ఏమనుకోవాలో తెలియక ఒకటే టెన్షన్, మీరేమంటారు" అని మీ ప్రశ్న.

నేను కోచ్‌ని కాదు. అండర్-17 జట్టు ఒకదానికి కొన్నేళ్లు వీడియోలు తీసి, కత్తిరించి, కోచ్ చేతికిచ్చే పని చేశాను. అంతకు ముందూ ఆ తర్వాతా మీలాగే అభిమానిని. ఓడిన రాత్రి అన్నం సయించకపోవడం నాకూ తెలుసు. అందుకే "కంగారు పడకండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పి తప్పించుకోను. మీరు కంగారు పడాల్సిన విషయం ఒకటి నిజంగానే ఉంది. అయితే మీరు రాసిన ప్రశ్నలో అది ఎక్కడో చివర, ఒక్క వాక్యంలో ఉంది. మీరు భయపడుతున్నవి వేరే.

ముందు ఆ 17వ స్థానం సంగతి. 7వ స్థానం స్థాయి జట్టు సగటు మ్యాచ్‌లో గెలిచే అవకాశం 40 శాతం, డ్రా 25 శాతం, ఓడేది 35 శాతం అనుకుందాం. ఆ లెక్కన 38 మ్యాచ్‌లకి 55 పాయింట్లు వస్తాయి, కాబట్టి అంచనా మరీ తప్పేం కాదు. అలాంటి జట్టు, ఏ లోపమూ లేకుండా, 6 మ్యాచ్‌లలో 5 పాయింట్లు గానీ అంతకంటే తక్కువ గానీ తెచ్చుకునే అవకాశం ఎంతో కాగితం మీద లెక్క వేశాను. దాదాపు 17 శాతం వచ్చింది. పాచిక వేస్తే ఒంటి చుక్క పడే అవకాశం ఎంతో, ఇదీ అంతే. పాచికలో ఒకటి పడిందని పాచిక పాడైందని ఎవరూ అనరు కదా. పైగా మీరు ఆడిన ఆరుగురిలో ముగ్గురు పోయినేడు మొదటి అయిదు స్థానాల్లో ఉన్నవాళ్లు. వాళ్ల మీద 40 శాతం గెలుపు అవకాశం మీకు లేనే లేదు. లెక్కలోకి అది కూడా తీసుకుంటే ఈ 5 పాయింట్లు ఇంకా మామూలుగా కనిపిస్తాయి.

పట్టిక అబద్ధం చెప్పదంటారు. ఏప్రిల్‌లో, సీజన్ ముగిసే వేళ, చెప్పదు. సెప్టెంబర్‌లో దాని మాటకి విలువ తక్కువ. 2008-09లో హల్ సిటీ మొట్టమొదటిసారి ఇంగ్లండ్ టాప్ డివిజన్‌కి వచ్చింది. మొదటి 9 మ్యాచ్‌లలో 20 పాయింట్లు. ఆ అక్టోబర్‌లో వాళ్ల అభిమానులు ఏ ఊహల్లో ఉండి ఉంటారో ఆలోచించండి. మిగిలిన 29 మ్యాచ్‌లలో 15 పాయింట్లే వచ్చాయి. 35 పాయింట్లతో, ఒకే ఒక్క పాయింటు తేడాతో, 17వ స్థానంలో బతికి బయటపడ్డారు. 2021-22లో లండన్ జట్టు టోటెన్‌హామ్ మొదటి 3 మ్యాచ్‌లూ గెలిచి పట్టిక పైన కూర్చుంది. నవంబర్ 1న కోచ్ నూనో ఎస్పిరితో సాంటోని ఇంటికి పంపారు. అదే సీజన్‌లో అదే నగరంలో ఆర్సెనల్ మొదటి 3 మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా, 9 గోల్స్ ఇచ్చి అట్టడుగున పడింది. సీజన్ చివరికి 69 పాయింట్లతో 5వ స్థానం. ఆగస్టు చివర్లో ఈ రెండు జట్ల అభిమానుల్ని కలిపి కూర్చోబెడితే ఎవరు ఎవర్ని ఓదార్చేవాళ్లో!

ఇలాంటివాటిలో నాకు బాగా ఇష్టమైనది ఇటలీ జట్టు యువెంటస్ 2015-16 సీజన్. మీ జట్టు పరిస్థితికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. 2015 జూన్‌లో వాళ్లు చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి బార్సెలోనా చేతిలో 3-1తో ఓడారు. ఆ వేసవిలోనే పిర్లో, విడాల్, తెవెజ్ ముగ్గురూ వెళ్లిపోయారు. జట్టు వెన్నెముకలో సగం పోయినట్టే. కొత్తగా డిబాలా, మంజుకిచ్, ఖెదీరా వచ్చారు. మొదటి మ్యాచ్ సొంత గడ్డ మీద ఉడినేజే చేతిలో ఓటమి, రెండోది రోమాలో ఓటమి. అక్టోబర్ 28న సాస్సువోలో చేతిలో 1-0తో ఓడేసరికి 10 మ్యాచ్‌లలో 12 పాయింట్లు. వరసగా 4 టైటిళ్లు గెలిచిన జట్టు పట్టిక మధ్యలో ఎక్కడో ఉంది. కెప్టెన్ బుఫాన్ జట్టు ఆటని బహిరంగంగానే తప్పుబట్టాడు. కోచ్ అల్లెగ్రీని తీసేయాలన్న గొంతులకి లోటేం లేదు. తర్వాతి మ్యాచ్ టొరీనోతో, అదీ సొంత నగరపు ప్రత్యర్థి. 1-1 దగ్గర ఉండగా చివరి నిమిషాల్లో క్వాద్రాదో గోల్ కొట్టాడు. అక్కణ్నుంచి మిగిలిన 28 మ్యాచ్‌లలో 26 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. 91 పాయింట్లతో అయిదోసారి వరసగా టైటిల్.

ఈ కథ చెప్పి "చూశారా, మీకూ ఇలాగే జరుగుతుంది" అంటే అది మోసం. మీ క్లబ్ యువెంటస్ కాదు. నేను చూపించాలనుకున్నది వేరే: అక్టోబర్ చివర ఆ పట్టికని పట్టుకుని, మే నెలలో ఏం జరుగుతుందో చెప్పడానికి మార్గం లేదు. కొత్తవాళ్లు ముగ్గురు నలుగురు ఒకేసారి జట్టులోకి వస్తే, ఎవరు ఎటు పరిగెడతారో మిగతావాళ్ల కాళ్లకి అలవాటయ్యేదాకా కొన్ని వారాలు పడుతుంది. దానికి దగ్గరి దారి లేదు.

ఇప్పుడు మీ జట్టు. మీరు ఆరు మ్యాచ్‌ల ఫలితాలూ ఇచ్చారు: 1-1, 0-2, 2-1, 0-0, 1-2, 0-4. మీ భయం అంతా ఆ చివరి 0-4 నుంచి పుట్టిందని మీ రాతలోనే తెలుస్తోంది. దాన్ని కాసేపు పక్కన పెట్టండి. 38వ నిమిషంలో సెంటర్‌బ్యాక్‌కి (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడికి) రెడ్ కార్డ్ పడే సమయానికి స్కోరు 0-1 అని మీరే రాశారు. తర్వాతి 3 గోల్స్ పది మందితో ఆడుతూ ఇచ్చినవి. 50 నిమిషాలకు పైగా ఒక మనిషి తక్కువతో ఆడిన జట్టు ఆటలోంచి ఆ జట్టు స్వభావం గురించి ఏమీ నేర్చుకోలేం. ఆ మూడింటినీ కొట్టేయండి. మిగిలినవి 7 గోల్స్.

ఆ ఏడింటిలో 4 గోల్స్ గురించి మీరు రాసిన వాక్యం ఇది: "మా ఎడమ వైపు నుంచే మళ్లీ మళ్లీ దొరికిపోతున్నాం, అదీ మేం దాడి చేస్తున్నప్పుడే." నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క వాక్యం ఇదే. మీరు దాన్ని గోల్స్ రాకపోవడం, కోచ్ ముభావంగా ఉండటం, కెప్టెన్ భుజాలు వేలాడేయడం లాంటి ఫిర్యాదులన్నిటి తర్వాత రాశారు. నేనైతే దాన్ని మొదట రాసి, మిగతావన్నీ చింపేసేవాణ్ని.

మా అండర్-17 జట్టు సంగతి ఒకటి చెప్తాను. ఒక సీజన్ మొదట్లో వరసగా 4 ఓడిపోయాం. కోచ్‌కి ఒళ్లు మండిపోయింది. పిల్లల్లో కసి లేదన్నాడు, ప్రాక్టీస్‌లో పరుగులు పెట్టించాడు. తల్లిదండ్రులు గోల్‌కీపర్‌ని మార్చమన్నారు. నేను ఇంట్లో కూర్చుని మేం ఇచ్చిన 9 గోల్స్‌నీ వెనక్కి తిప్పి చూశాను. గోల్ పడ్డ క్షణం నుంచి కాదు, బంతి మా దగ్గర ఆఖరుసారి ఉన్న క్షణం నుంచి. 5 గోల్స్ మా సొంత త్రో-ఇన్ నుంచే, అంటే పక్క గీత బయటి నుంచి చేతుల్తో బంతి విసరడం నుంచే, మొదలయ్యాయి! కుడి వైపు మా ఫుల్‌బ్యాక్ (డిఫెన్స్‌లో పక్కన ఆడేవాడు) బంతి తీసుకుంటాడు, ఎప్పుడూ ఒకే మిడ్‌ఫీల్డర్‌కి విసురుతాడు, వాడు గోల్ వైపు వీపు పెట్టి నిలబడి ఉంటాడు, వెనక నుంచి ఒకడు గుద్దుకుంటూ వచ్చి బంతి లాక్కుపోతాడు. విసిరినవాడు ఇంకా లైను బయటే ఉంటాడు. ఆ నాలుగు సెకన్లు మాకు కుడి వైపు మనిషే లేడు. కసికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. రెండు వారాలు త్రో-ఇన్‌లు ప్రాక్టీస్ చేయించారు. నిజం చెప్పాలంటే ఆ తర్వాతి మ్యాచ్ కూడా ఓడాం, పెనాల్టీ మీద. కానీ త్రో-ఇన్ నుంచి మళ్లీ గోల్ ఇవ్వలేదు.

మీ ఎడమ వైపు కథ కూడా ఈ జాతిదే అనిపిస్తోంది. కొత్త కోచ్ మైదానంలో బాగా ముందుకెళ్లి ప్రెస్ చేయించే రకం అన్నారు. అంటే బంతి పోగానే వెనక్కి పరిగెత్తకుండా, పోయిన చోటే నలుగురైదుగురు మీద పడి తిరిగి లాక్కోవాలి. ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ దాదాపు వింగర్లలా, అంటే పక్కల నుంచి దాడి చేసేవాళ్లలా, పైన ఉంటారు. ఇది కుదిరినప్పుడు చూడటానికి ఎంత బాగుంటుందో, కుదరనప్పుడు అంత ఘోరంగా ఉంటుంది. ఎందుకంటే దీంట్లో సగం పని చేసినా లాభం లేదు. ముందున్న ముగ్గురూ మీద పడి, మిడ్‌ఫీల్డర్లు రెండడుగులు ఆలస్యమైతే ఆ రెండు వరుసల మధ్య పెద్ద ఖాళీ మిగులుతుంది. ప్రత్యర్థికి ఒక్క మంచి పాస్ చాలు. ఆ పాస్ తర్వాత వాళ్ల వింగర్ ముందు మీ ఎడమ ఫుల్‌బ్యాక్ వదిలి వెళ్లిన ఖాళీ మైదానం, దాని వెనక ఒక సెంటర్‌బ్యాక్. ఆ సెంటర్‌బ్యాక్ పక్కకి వెళ్తే మధ్యలో ఖాళీ, వెళ్లకపోతే పక్క నుంచి గోల్ ముందుకి క్రాస్. వాడేం చేసినా టీవీలో వాడే దోషిలా కనిపిస్తాడు. మీ వాళ్లు తిడుతున్న ఆ సెంటర్‌బ్యాక్‌ని నేను అంత తేలిగ్గా తప్పుబట్టను.

ఎడమ వైపు నుంచి మీరు ఇచ్చిన ఆ నాలుగు గోల్స్‌లో 3 గోల్స్ 65వ నిమిషం తర్వాత పడ్డాయన్నది ఈ అనుమానాన్ని ఇంకా గట్టిపరుస్తోంది. ప్రెసింగ్‌కి ఊపిరితిత్తులు కావాలి. వేసవిలో జాతీయ జట్లకి ఆడి ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఆగస్టు చివరి రోజుల్లో కొన్నవాళ్లు ప్రీ-సీజన్, అంటే సీజన్‌కి ముందు సాధన, పూర్తిగా చేసి ఉండరు. వాళ్లు 60 నిమిషాలు బాగానే పరిగెడతారు. ఆ తర్వాత కాళ్లు ఆ రెండడుగులు ఆలస్యం అవుతాయి. ఇదే కారణమైతే అక్టోబర్ నాటికి కొంత దానంతటదే తగ్గుతుంది. కారణం కాళ్లు కాకుండా ఏర్పాటే అయితే, అంటే ఎడమ ఫుల్‌బ్యాక్ పైకెళ్లినప్పుడు ఆ చోటుకి ఎవరు జరగాలో ఎవరికీ చెప్పకపోతే, అది మొదటి అరగంటలో కూడా కనిపిస్తుంది. కాలంతో తగ్గదు, ఎవరో ఒకరు దిద్దాలి.

దిద్దడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండ్‌లో 2016-17 చెల్సీని చూడండి. కోచ్ అంటోనియో కొంటే కొత్తగా వచ్చాడు. మొదటి 3 గెలిచారు, స్వాన్సీతో డ్రా, లివర్‌పూల్ చేతిలో ఓటమి, సెప్టెంబర్ 24న ఆర్సెనల్ మైదానంలో 3-0తో ఓటమి. ఆ మూడు గోల్స్ మొదటి సగంలోనే పడ్డాయి. 6 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, పైనున్న మాంచెస్టర్ సిటీకి 18. రెండో సగంలో 10 నిమిషాలు గడిచాయో లేదో, ఫాబ్రెగాస్‌ని బయటికి పిలిచి మార్కోస్ అలోన్సోని దింపాడు. డిఫెన్స్‌లో నలుగురి స్థానంలో ముగ్గురు, రెండు పక్కలా పైకీ కిందికీ పరిగెత్తే వింగ్‌బ్యాక్‌లు. మ్యాచ్ ఎలాగూ పోయింది, కనీసం ప్రయోగమైనా చేద్దాం అన్నట్టు. తర్వాతి వారం హల్ మీద మొదటి నుంచీ అదే ఏర్పాటు. అంతకు ముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని విక్టర్ మోజెస్ కుడి వింగ్‌బ్యాక్. అక్కణ్నుంచి వరసగా 13 లీగ్ మ్యాచ్‌లు గెలిచారు. వాటిలో మొదటి ఆరింటిలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 93 పాయింట్లతో టైటిల్.

ఆటగాళ్లు దాదాపు వాళ్లే. కసి కొత్తగా ఊడిపడలేదు. ఫుల్‌బ్యాక్‌ల వెనక ఖాళీని కాపాడటానికి వెనక ఒక మనిషి ఎక్కువయ్యాడు, అంతే. ప్రత్యర్థులకి ఆ ఏర్పాటుకి జవాబు వెతుక్కోవడానికి నెలలు పట్టింది. మీ కోచ్ ముగ్గురు డిఫెండర్లతోనే ఆడాలని నేననడం లేదు. మిడ్‌ఫీల్డర్ ఒకణ్ని వెనక ఆపినా సరిపోవచ్చు, కుడి ఫుల్‌బ్యాక్‌ని పైకి పోకుండా ఆపినా సరిపోవచ్చు. మీ కోచ్ ఏదో ఒకటి ప్రయత్నిస్తున్నాడా, లేక అదే తలుపు తీసి పెట్టి అదే దొంగ కోసం ఎదురు చూస్తున్నాడా, అది నాకు ముఖ్యం.

గోల్స్ రాకపోవడం గురించి మీరు చాలా రాశారు. దాని మీద నాకు అంత బెంగ లేదు. ఒక పెనాల్టీ పోయింది, రెండు సార్లు పోస్ట్‌కి తగిలింది, గోల్‌కీపర్ ఒక్కడే ఉన్న అవకాశం ఒకటి బయటికి కొట్టారు అన్నారు. అంటే అవకాశాలు వస్తున్నాయి. పెనాల్టీలు మామూలుగా నాలుగింట మూడు గోల్ అవుతాయి. బాక్స్ బయటి నుంచి కొట్టే షాట్లు పాతికకో ముప్పైకో ఒకటి. ఈ తేడానే ఎక్స్‌జీ అనే లెక్క కొలుస్తుంది: ప్రతి షాట్‌కీ, అది కొట్టిన చోటుని బట్టి, గోల్ అయ్యే అవకాశాన్ని ఒక సంఖ్యగా రాసి కూడుతారు. మీ లీగ్‌కి ఆ సంఖ్యలు ఉచితంగానే దొరుకుతాయి, చూడండి. 6 మ్యాచ్‌లకి కలిపి మీ ఎక్స్‌జీ 8 దగ్గర ఉండి గోల్స్ 4 ఉంటే హాయిగా పడుకోండి. ఎక్స్‌జీ కూడా 4 ఉంటే అప్పుడు ఆ స్ట్రైకర్‌ని అమ్మిన సంగతి మాట్లాడుకుందాం. అవకాశాలు వచ్చి పోగొట్టుకునే జట్టు వేరు, అవకాశమే రాని జట్టు వేరు. స్కోర్‌బోర్డు మీద రెండూ సున్నాగానే కనిపిస్తాయి, అదే చిక్కు.

స్ట్రైకర్ పోయిన దెబ్బ ఉండదని కాదు. జర్మనీలో డోర్ట్‌మండ్ స్ట్రైకర్ లెవాండోవ్‌స్కీ బయర్న్ జట్టుకి వెళ్లిన తర్వాతి సీజన్, 2014-15లో, డోర్ట్‌మండ్ సగం సీజన్‌కి 17 మ్యాచ్‌లలో 15 పాయింట్లతో 17వ స్థానంలో ఉంది. 18 జట్ల లీగ్‌లో! ఫిబ్రవరి మొదట్లో అట్టడుగుకీ వెళ్లింది. కోచ్ యుర్గెన్ క్లోప్‌ని క్లబ్ తీసేయలేదు. చివరికి 7వ స్థానంలో ముగించారు. వేసవిలో వెళ్లిపోయింది క్లోప్ తనంతట తానే.

కోచ్‌ని తీసేయడం గురించి. మీ వాళ్లు ఆవేశంలో ఉన్నారు కాబట్టి వాళ్లకి ఈ కథ వినిపించండి. 2017లో ఇంగ్లండ్ జట్టు క్రిస్టల్ ప్యాలెస్ కొత్త కోచ్ ఫ్రాంక్ డి బోర్‌ని 4 లీగ్ మ్యాచ్‌లకే తీసేసింది. నాలుగూ ఓటములే, ఒక్క గోల్ లేదు. రాయ్ హాడ్జ్‌సన్ వచ్చాడు. తర్వాతి 3 మ్యాచ్‌లూ ఓడారు, మళ్లీ ఒక్క గోల్ లేదు. మొత్తం 7 మ్యాచ్‌లు, 0 పాయింట్లు, 0 గోల్స్. అక్టోబర్ 14న చాంపియన్ చెల్సీని 2-1తో ఓడించారు. సీజన్ చివరికి 44 పాయింట్లు, 11వ స్థానం. "చూశావా, కోచ్‌ని మార్చారు, బతికారు" అంటారు మీ వాళ్లు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ చెల్సీ మ్యాచ్‌లో ఇంకో మార్పు కూడా ఉంది. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే మోకాలి దెబ్బతో బయట కూర్చున్న విల్‌ఫ్రెడ్ జాహా ఆ రోజే తిరిగొచ్చాడు, గోల్ కూడా కొట్టాడు. అప్పట్లో ఆ జట్టుకి ముందుకు వెళ్లే దారి అంటే సగం అతనే. మరి జట్టుని లేపింది హాడ్జ్‌సనా, జాహా మోకాలా? ఇద్దరూ కావచ్చు. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

కోచ్‌ని మార్చగానే ఫలితాలు మెరుగవడం తరచూ కనిపిస్తుంది, దానికి ఒక కారణం చాలా మామూలుది. జట్టు అదృష్టం అడుగంటినప్పుడే కోచ్‌ని తీసేస్తారు. అడుగంటాక ఎవరు కూర్చున్నా కొంచెం పైకే వస్తుంది. జ్వరం బాగా పెరిగిన రోజు తాయెత్తు కడితే మర్నాడు తగ్గినట్టు.

అలాగని తీసేయడం ఎప్పుడూ తప్పని కూడా అనలేను. 2015లో చెల్సీ చాంపియన్‌గా సీజన్ మొదలుపెట్టింది. మొదటి మ్యాచ్ స్వాన్సీతో 2-2, రెండోది మాంచెస్టర్ సిటీ చేతిలో 3-0. "ఇంకా తొందరే కదా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. డిసెంబర్ 17న కోచ్ మౌరిన్యోని పంపేసే నాటికి 16 మ్యాచ్‌లలో 9 ఓటములు, 16వ స్థానం. ఆ సీజన్‌లో ఓపిక పట్టమన్న నాలాంటివాళ్ల కంటే మొదటి నెలలోనే గోల పెట్టినవాళ్లే ఎక్కువ చూశారు. వాళ్లు చూసింది పాయింట్లని కాదు. ముందు సీజన్‌లో గోడలా నిలబడ్డ డిఫెన్స్ పక్కల నుంచి మ్యాచ్ తర్వాత మ్యాచ్ కోసుకుపోవడం, దానికి మార్పేమీ రాకపోవడం. నేను మీ ఎడమ వైపుని పట్టుకుని ఇంతగా వేలాడటానికి ఒక కారణం ఆ సీజన్‌లో నేను తిన్న దెబ్బే.

కాబట్టి రాబోయే 4 మ్యాచ్‌లు ఇలా చూడండి. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి, ఫోన్ అయినా సరే. బంతిని వదిలేసి మీ ఎడమ ఫుల్‌బ్యాక్‌ని చూడండి. వాడు సగం గీత దాటి పైకి వెళ్లిన ప్రతిసారీ వెనక్కి ఒక చూపు వేసి, వాడి చోట ఎవరున్నారో రాయండి. పేరు రాయగలిగితే ఏర్పాటు ఉన్నట్టు. మూడుసార్లు మూడు వేర్వేరు పేర్లు వచ్చినా, ఎవరూ లేకపోయినా, లేనట్టు. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది, అందుకని ఇది కష్టం. మైదానానికి వెళ్లగలిగితే గోల్ వెనక స్టాండ్‌లో పై వరుస టికెట్ తీసుకోండి. ముఖాలు కనపడవు గానీ వరుసల మధ్య దూరం అక్కణ్నుంచి కనిపించినట్టు ఇంకెక్కణ్నుంచీ కనపడదు. రెండో సగంలో 60వ నిమిషం దగ్గర ఒకసారి ఆ దూరాన్ని చూసి, 75 దగ్గర మళ్లీ చూడండి. పెరుగుతుంటే, కోచ్ బెంచ్ వైపు ఎప్పుడు తిరుగుతున్నాడో గడియారం చూసి రాయండి. అలసిన మిడ్‌ఫీల్డర్‌ని 62 దగ్గర మార్చే కోచ్ వేరు, గోల్ ఇచ్చాక 81 దగ్గర మార్చేవాడు వేరు.

ఆటగాళ్ల హావభావాలు మాత్రం దయచేసి రాయకండి. కెప్టెన్ తల దించుకున్నాడు, వింగర్ చేతులు విసిరాడు, కోచ్ జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు అని మీరు ఒక పేరా రాశారు. గెలిచిన రోజు అవే జేబులు చూసి "ఎంత నిబ్బరమో" అంటాం.

మీరు అడిగిన ఇంకో చిన్న ప్రశ్న: 40 పాయింట్లు తెచ్చుకుంటే గట్టెక్కినట్టేనా అని. ఇంగ్లండ్‌లో 2002-03లో వెస్ట్ హామ్ 42 పాయింట్లతో కింది డివిజన్‌కి పోయింది. అది చాలా అరుదు. అంతకంటే తక్కువతో బతికినవాళ్లే ఎక్కువ, పైన హల్‌ని చూశాం కదా, 35తో. మీకు ఇంకా 32 మ్యాచ్‌లు ఉన్నాయి, 40 చేరాలంటే ఇంకో 35 పాయింట్లు కావాలి. మ్యాచ్‌కి ఒకటి కంటే కాస్త ఎక్కువ. పోయినేడు మీరు తెచ్చుకున్నదానికంటే ఇది చాలా తక్కువ.

ఇక మీ వాళ్లతో గొడవ ఎలా పడాలో నేను చెప్పలేను. తర్వాతి మ్యాచ్ పోయినేడు 14వ స్థానంలో ఉన్న జట్టుతో, అదీ సొంత మైదానంలో అన్నారు. ఇంత బలహీనమైన ప్రత్యర్థి ఈ సీజన్‌లో మీకు తగలడం ఇదే మొదటిసారి. గెలుస్తారని నా అంచనా, కానీ 3-0తో గెలిచి ఎడమ వైపు అదే ఖాళీ ఉంటే నాకు సంతోషం ఉండదు. 0-1తో ఓడి, అక్కడ ఒక మనిషి నిలబడి కనిపిస్తే అంత దిగులూ ఉండదు. మ్యాచ్ అయ్యాక స్కోరు చెప్పకండి, అది నాకెలాగూ తెలుస్తుంది. మీ నోటు పుస్తకంలో ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చెప్పండి.